బ్రేకు మాస్టారి మీద కేసు

మొగుడి మీద కోర్టుకెక్కిన ఆడదాన్ని చూడాలని ఆ వీధిలో అందరికీ సరదా పుట్టింది. పొద్దున్నే గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డవాళ్ళకి నిరాశే మిగిలింది. టైలరమ్మ ఆ మొగుడి భుజం పట్టుకునే మెట్లు దిగింది, ఆయన పిలిచిన ఆటోలోనే ఎక్కింది, అన్నం క్యారియరు ఆయన ఒళ్ళోనే పెట్టింది. వాదీ ప్రతివాదీ ఒకే ఆటోలో కోర్టుకి బయల్దేరారు.

ఆమె భర్త డ్రైవింగు స్కూలు నడుపుతాడు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గరుండే రెండో బ్రేకు మీద పాదం ఆనించి, ఏళ్ళ తరబడి ఊరందరికీ కారు నేర్పాడు కనక బ్రేకు మాస్టారని పేరు. అంత పేరున్న మనిషి ఒక మధ్యాహ్నం సొంత కారులో పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ముందు ఆగి ఉన్న లారీని తిన్నగా వెళ్ళి గుద్దాడు. ఆయనకి నుదుటి మీద గీత కూడా పడలేదు. ఆమె కుడి పాదం నుజ్జయింది. కుట్టు మిషను తొక్కే పాదం. ఇంకో ఆపరేషను చేస్తే తప్ప మళ్ళీ తొక్కలేదన్నాడు డాక్టరు.

ఆ ఖర్చు కారు బీమా కంపెనీ ఇవ్వాలి. కంపెనీ ఇవ్వాలంటే ప్రమాదం డ్రైవరు అజాగ్రత్త వల్లే జరిగిందని కోర్టు తేల్చాలి. ఆ డ్రైవరేమో మొగుడైపోయాడు. మరి కేసు ఎవరి మీద వెయ్యాలి, గోడ మీదా?

"ఇంటా వంటా లేని పని" అని అత్తగారు రాగం తీసింది. "వాడికి అజాగ్రత్త అని ముద్ర పడితే ఇంకెవరొస్తారే నేర్చుకోవడానికి? కుక్క అడ్డమొచ్చింది అనుకుని ఊరుకుంటే పోయేదానికి!"

"కుక్క రాలేదత్తయ్యా. లారీ ఆగి ఉంది. ఆయన చూశారు. కళ్ళు దాని మీదే ఉన్నాయి. నేను పక్కనే ఉన్నాగా."

ఆమెకి మింగుడుపడనిది అదే. చూశాడు, బ్రేకు తొక్కలేదు. ఎందుకు తొక్కలేదు? అడిగిన ప్రతిసారీ మాస్టారు తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. కట్టు మార్చేవాడు, వంట చేసేవాడు, ఆమెకి జడ కూడా వేసేవాడు. జవాబు మాత్రం నోట్లోంచి ఊడిపడేది కాదు. పాదానికి ఆపరేషను ఎంత అవసరమో, ఆమె మనసుకి ఆ జవాబూ అంతే అవసరం. ఇంట్లో నోరు విప్పనివాడు బోనులోనైనా విప్పుతాడేమో చూద్దామని పంతం పట్టింది.

"తీర్పు వచ్చేదాకా మీ అక్కగారింట్లో ఉండకూడదా అమ్మా?" అని ఆమె తరఫు లాయరమ్మ కోర్టు వరండాలో బతిమాలింది. "ఇద్దరూ ఒకే క్యారియర్లో తింటుంటే కుమ్మక్కయ్యారని అంటారు కంపెనీవాళ్ళు."

"అననివ్వండి. నేనేమన్నా దొంగతనం చేశానా, చాటుగా తినడానికి?"

అని, కంపెనీ లాయరు నడిచి వచ్చే దారిలోనే బెంచీ మీద క్యారియరు విప్పింది.

ఆమె బోనెక్కాక కంపెనీ లాయరు సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు. "మీ ఆయన మీద కోపముందా అమ్మా?"

"లేదండి."

"మీకు కట్టు మార్చేదెవరు?"

"ఆయనే."

"వంట?"

"ఆయనే. ఉప్పెక్కువ."

కోర్టులో ఎవరో కిసుక్కుమన్నారు. లాయరు మాత్రం నవ్వలేదు. "ఇంత ప్రేమగా చూసుకునే మనిషిని అజాగ్రత్తపరుడంటూ మీరే కేసు వేశారు. డబ్బు కోసం ఇద్దరూ ఆడే నాటకం కాదూ ఇది?"

టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది. "మంచివాడు నడిపితే లారీ మెత్తబడుతుందా అండీ? ఆయన మంచివాడని నా ఎముక విరగకుండా ఊరుకుందా? కాపురం సంగతి నేను చూసుకుంటాను. బ్రేకు సంగతి ఆయన్నడగండి."

అడిగారు. మాస్టారు కంపెనీ తరఫు సాక్షిగానే బోనెక్కాడు. ఏం చెప్పాలో కంపెనీవాళ్ళు ముందే బాగా నూరిపోశారు. ముందు వరసలో తల్లి చేతులు జోడించుకుని కూర్చుంది.

"కుక్క హఠాత్తుగా అడ్డమొచ్చింది, అవునా మాస్టారూ?"

ఆయన తల్లి వైపు చూశాడు. తర్వాత బెంచీ బయటికి చాచి ఉన్న కట్టు పాదం వైపు చూశాడు. టైలరమ్మ ఆయన్ని రెప్ప వెయ్యకుండా చూస్తోంది. వెళ్ళిపోవడానికి అక్కడ పెరడు లేదు.

"కుక్క లేదండి" అన్నాడు. "లారీ కనపడింది. నేను... ఆగాను."

"బండి ఆపారా?"

"బండి కాదు, నేను ఆగాను. నేర్చుకునేవాడు పక్కనుంటే నేను గబుక్కున బ్రేకు తొక్కను. వాడే తొక్కాలి, లేకపోతే వాడికెప్పటికీ రాదు. వాడు తొక్కుతాడా లేదా అని ఒక్క క్షణం చూస్తాను. ఆ రోజూ అలాగే చూశాను. తొక్కుతాడులే అనుకున్నాను. స్టీరింగు నా చేతుల్లోనే ఉందని గుర్తొచ్చేసరికి..." ఆయన చెయ్యి తువ్వాలు కోసం భుజం తడిమింది. "పేరు బ్రేకు మాస్టారు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

టైలరమ్మకి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్ళూ పెరట్లో దాచింది ఇదా!

"అది వృత్తి వల్ల వచ్చిన అలవాటు, అజాగ్రత్త అనరు" అని కంపెనీ లాయరు చివరిదాకా వాదించాడు.

తీర్పు రోజున జడ్జిగారు ఒప్పుకోలేదు. "కావాలని చేశారని ఎవరూ అనడం లేదు. ఆ సీట్లో జాగ్రత్తగల డ్రైవరు ఉంటే ఏం చేసేవాడని చూస్తాం. లారీ కనపడగానే బ్రేకు తొక్కేవాడు. ఈయన అలవాటుకి ఈయన పక్కన కూర్చున్న మనిషి కాలు పోగొట్టుకోనక్కర్లేదు, ఆ మనిషి భార్య అయినా సరే." ఆపరేషను ఖర్చూ, పని పోయినన్నాళ్ళ నష్టమూ కంపెనీయే కట్టాలన్నారు.

వరండాలోకి రాగానే అత్తగారు అడ్డంగా నిలబడింది. "నా కొడుకుని ఓడించావు. తృప్తిగా ఉందా?"

"కడుపునిండా ఉందత్తయ్యా."

మాస్టారు తల దించుకుని, "ఆటో పిలుస్తాను" అంటూ కదిలాడు.

"ఆగండి" అంది టైలరమ్మ. "ఆ మాట జడ్జిగారితో చెప్పారు. నాతో ఇంకా చెప్పలేదు."

వరండా నిండా జనం. నల్లకోట్లు, ప్యూన్లు, ఎవరెవరి గొడవలకో వచ్చినవాళ్ళు, కన్నతల్లి. మాస్టారు అటూ ఇటూ చూశాడు. ఆమె చేతికర్ర నేలకి గట్టిగా ఆనించి, ఒంటి పాదం మీదే నిలబడింది. సాయంత్రం దాకా నిలబెట్టినా నిలబడేట్టుంది.

"తప్పు నాదే" అన్నాడాయన, అందరికీ వినపడేట్టు. "నీ కాలు నేనే విరగ్గొట్టాను."

అప్పుడు ఆమె చెయ్యి చాచి ఆయన భుజం పట్టుకుంది.

"ఇక పిలవండి ఆటో."