సహాయకం వేయని గుంటలు

ఒంటిని కాపాడే టీ-కణానికి శత్రువు ఆనవాలు అందినంత మాత్రాన అది పోరుకు లేవదు. ఎదుటి కణం మీదుండే సహాయక అణువు కూడా వచ్చి తట్టాలి. ఆ రెండో తట్టు లేకపోతే మొద్దుబారి పడుంటుంది. పరిశోధకురాలు పదకొండేళ్లుగా పట్టుకు వేలాడుతున్నది ఈ విషయాన్నే. అలాంటిది, ఆ తట్టు కోసం వేసే సహాయక మందు వేయని ప్రయోగ పలక గుంటల్లోనూ కణాలు లేచి రెట్టింపవుతున్నాయి. ఒకసారైతే పొరపాటు అనుకోవచ్చు. మూడుసార్లు!

ఎవరో దొంగచాటుగా మందు వేస్తున్నారని ఆమె అనుమానం గుంభనం మీదికి పోయింది. అతను ప్రయోగశాల టెక్నీషియన్. మాట పెగలదు కాబట్టి అందరూ పెట్టిన పేరది. గుంటల పలకలు సిద్ధం చేసేది అతనే. పోయిన ఏడాది, వయసులో తనకన్నా చిన్నదైన ఆమెను తన మీద అధికారిగా వేసినప్పుడు కూడా నోరు మెదపలేదు. కడుపులో ఏం పెట్టుకున్నాడో!

సహాయక మందు సీసా మీద మట్టం దగ్గర సన్నగా గీత గీసింది. మర్నాటికి వెంట్రుకవాసి దిగినట్టనిపించింది. దిగిందో, తన కళ్లే దించాయో. నేరుగా డైరెక్టర్ గదికి వెళ్లింది.

"రుజువుందా అమ్మా?"

"గిట్టనివాళ్లు రుజువులు వదిలిపెట్టి పోతారా సార్?"

గుంభనాన్ని స్టోరుకు మార్చారు.

నాలుగోసారి అన్నీ తన చేత్తోనే చేసింది. సహాయక మందు సీసా మూత కూడా తీయలేదు. మూడో రోజు మైక్రోస్కోపులో చూస్తే కణాలు గుత్తులు గుత్తులుగా లేచి ఉన్నాయి. ఆమె లేచి స్టోరుకు వెళ్లింది.

స్టోరులో గుంభనం చేతితొడుగుల పెట్టెలు సర్దుతున్నాడు.

"అన్నా, ఒక్కసారి వచ్చి చూస్తారా?"

"గీత గీసిన సీసానా, మేడమ్?"

ఆమె తల దించుకుంది. అయినా అతను వచ్చాడు. చాలాసేపు చూశాడు.

"ఈ మూల పెద్ద కణాలున్నాయి, చూడండి. కాళ్లు చాపుకుని కూర్చున్నాయి. ఇవి టీ-కణాలు కావు. రక్తంలోంచి టీ-కణాలను వడపోసే గొట్టం ఒక్కసారికే పనికొస్తుంది. మనం కడిగి కడిగి వాడుతున్నాం. అందుకే వాటితోపాటు ఇవీ జారిపడుతున్నాయి. సహాయక అణువులు వీటి ఒంటి మీదే ఉంటాయి కదా. మీరు వేయకపోయినా ఇవే తట్టి లేపాయి."

"ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పాను. కొత్త గొట్టం అడిగితే 'ఉన్నదాంతో సరిపెట్టు' అన్నారు."

ఆమెకు గుర్తొచ్చింది. ఫోన్లో మాట్లాడుతూ, అతని వైపు చూడకుండానే అన్న మాట.

కొత్త గొట్టంతో వడపోసి చేస్తే సహాయకం వేయని గుంటలు కిమ్మనలేదు. వేసినవే లేచాయి. ఆ కాగితాలు పట్టుకుని డైరెక్టర్ దగ్గరికి వెళ్లింది. "తప్పు నాది సార్. ఆయన మీద లేనిపోనివి చెప్పాను."

సోమవారం గుంభనం తిరిగొచ్చాడు. ఆమె క్షమాపణ అడిగితే "సరేనండి" అని పనిలో పడ్డాడు. కానీ ఆరోజు నుంచి ఏ సీసా మూత తీయబోయినా ముందు ఆమెను పిలిచి, వచ్చి నిలబడేదాకా ఆగుతున్నాడు. వద్దని ఎన్నిసార్లు చెప్పినా మానడం లేదు.