రుమాలు కింది మాట

అంతయ్యను ఈడ్చుకుపోతుంటే పండ్ల మార్కెట్టులో సగం మంది చూశారు. మామిడి సీజను. తెల్లారకముందే లారీలు బారులు తీరాయి. సీతారాములు సేటు దుకాణం ముందు గంప దించుతూ దించుతూ హమాలీ అంతయ్య గంపతో సహా బోర్లా పడ్డాడు. మళ్ళీ లేవలేదు. పక్క దుకాణంలో వరిగడ్డి పరుచుకుని కాయలు ఏరుతున్న అతని పెళ్ళాం సైదమ్మ, చేతిలో కాయ చేతిలోనే పట్టుకుని ఉరికింది.

ఆటో పిలవండి, దవాఖానకు తీసుకుపోదాం అని ఆమె కనబడిన ప్రతి ఒక్కరి కాళ్ళ మీదా పడింది. సేటు ఏం చేశాడో వినండి. దుకాణం ముందు మనిషి చస్తే పోలీసులు వస్తారు, బేరాలు ఆగుతాయి. అందుకని తన మనుషులను పిలిచాడు. కొన ఊపిరితో కొట్టుకుంటున్నవాణ్ణి గేటు అవతల విజయవాడ రోడ్డు పక్కకు ఈడ్పించి, అంగీ మీద సారా పోయించాడు. పోలీసులు వచ్చేసరికి అంతయ్య తాగి రోడ్డు మీద పడి చచ్చినవాడైపోయాడు. పండక్కి ఇంత కల్లు తాగితే తాగాడేమో గాని, సారా వాసనే పడని మనిషి.

ఎవరైనా చూశారా అని పోలీసులు అడిగారు. సేటుకు ఎదురు చెబితే రేపటి నుంచి నెత్తి మీదికి గంప రాదు. హమాలీలు తలలు దించుకున్నారు. కాయలేరే ఆడవాళ్ళు గడ్డిలోకి చూశారు. లోపల బేరాలు నడుస్తూనే ఉన్నాయి.

సైదమ్మకు ఆ పూట పోయిన ఏడుపు మళ్ళీ రాలేదు. దినాలు కాగానే మూసారాంబాగ్ గుడిసె నుంచి ఎప్పటిలాగే నడిచి వచ్చి గడ్డిలో కూర్చుంది. అన్నం పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. ఎండ తగిలినా తెలిసేది కాదు. నల్లగొండ పక్క పల్లె నుంచి పట్నానికి వచ్చిన నాటి నుంచీ మొగుడు బరువులు మోస్తూనే ఉన్నాడు, చివరికి ఆ మోసిన పేరు కూడా దక్కకుండా పోయింది. ఆమెకు కావలసింది ఒక్కటే. అంతయ్య పని చేస్తూ చచ్చాడని, తాగి కాదని, నలుగురిలో ఒకరు చెప్పాలి.

ఆ ఎండల్లోనే పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా జీపులు, మైకులు, జెండాలు. సీతారాములు సేటు దుకాణం మీద ఒక పార్టీ జెండా ఎగిరింది. తెలంగాణ తెస్తానన్న క్యాండిడేటు దానికి ఎదురు పార్టీవాడు. హమాలీల జట్టుకు పెద్ద అయిన జగన్‌కు ఆశ పుట్టింది. సేటుకు శత్రువంటే మనకు చుట్టమే కదా అనుకున్నాడు పాపం.

ఇక్కడ మార్కెట్టు పద్ధతి ఒకటి చెప్పాలి. ఆ దుకాణాల్లో ధర నోటితో చెప్పరు. కొనేవాడూ, రైతు తరఫున అమ్మే సేటూ చేతుల మీద రుమాలు కప్పుకుని, కింద వేళ్ళు పట్టుకుని బేరమాడతారు. చివరికి పిడికిలి మొత్తం పట్టి నొక్కారంటే బేరం ఖాయం. ఆ పిడికిలి తప్పినవాణ్ణి మళ్ళీ ఏ దుకాణమూ మెట్టెక్కనియ్యదు. క్యాండిడేటు పండ్ల వ్యాపారుల ఇంటి బిడ్డే. హమాలీల మీటింగులో జగన్ లేచి, గెలిస్తే అంతయ్య సంగతి విచారణ చేయించి సేటును బోనెక్కిస్తావా అని అడిగాడు. క్యాండిడేటు నవ్వి, భుజం మీది రుమాలు తీసి, జగన్ చేతి మీద కప్పి, పిడికిలి గట్టిగా నొక్కాడు. జట్టు మొత్తం చప్పట్లు కొట్టింది. ఎవడి నోటి నుంచీ మాట రాలేదని ఒక్కరికీ తట్టలేదు. బతుకంతా ఆ రుమాలును నమ్మినవాళ్ళు మరి.

ఓట్లన్నీ ఒక్క గుర్తుకే పడ్డాయి. క్యాండిడేటు గెలిచాడు. ఢిల్లీలో మాత్రం ఏ ఒక్క పార్టీకీ సీట్లు సరిపోలేదు. నిన్నటిదాకా బూతులు తిట్టుకున్న పార్టీలు ఒక్క బల్ల చుట్టూ చేరి కూటమి కట్టాయి, సర్కారు నిలబెట్టాయి. క్యాండిడేటు పార్టీతో పాటు సేటు పార్టీ కూడా ఆ కూటమిలో కలిసిపోయింది.

గేటు దగ్గర వెంకాయమ్మ చాయ్ బండి చుట్టూ హమాలీలు వాదులాడుకున్నారు. మనోడే కదా, జర ఓపిక పట్టాలని కొందరన్నారు. పిడికిలి నొక్కినంక తప్పడని జగన్ పట్టుబట్టాడు. వెంకాయమ్మది బెజవాడ అవతల పల్లె. ఆమె గ్లాసులు కడుగుతూ, వాళ్ళు వాళ్ళు చేతులు కలిపేసుకున్నారు బాబూ, మీ చెయ్యి ఎక్కడుందో చూసుకోండి అంది. సైదమ్మ చేతిలో చాయ్ చల్లారిపోయింది.

మార్కెట్టులో ఎంపీకి సన్మానం పెట్టారు. స్టేజీ మీద ఆయన పక్క కుర్చీలో సీతారాములు సేటు, మెడలో కొత్త కండువా. హమాలీలు నోళ్ళు తెరిచి చూశారు. జగన్ స్టేజీ ఎక్కి అంతయ్య సంగతి ఎత్తాడు.

ఎంపీ మైకు పక్కకు జరిపాడు. "తమ్మీ, ఢిల్లీల సర్కారు నిలవడాలంటే అందరం కలిసుండాలె. సేటు గిప్పుడు మనోడే. తెలంగాణ ఒచ్చేదాక జర సబర్ చెయ్యి."

"తెలంగాణ సంగతి కూటమి కాయితంల ఏమని రాసుకున్నరన్నా?"

"అందరితోని మాట్లాడి చూస్తమని రాసిన్రు."

ముందు వరసల్లో గొణుగుడు మొదలైంది. ఎంపీ మళ్ళీ నవ్వాడు. భుజం మీది రుమాలు తీసి జగన్ చేతి మీద కప్పాడు. జగన్ చెయ్యి అలవాటు కొద్దీ అక్కడే ఉండిపోయింది.

సైదమ్మ ఎప్పుడు మెట్లెక్కిందో ఎవరూ చూడలేదు. వచ్చి ఆ రుమాలు లాగేసింది. పట్టపగలు ఆ రెండు చేతులూ అందరికీ కనబడ్డాయి.

"నోటితోని చెప్పు సారూ. అందరు ఇనేటట్టు చెప్పు. నా పెనిమిటి యాడ సచ్చిండు?"

గొంతులో కోపం లేదు, దుఃఖం లేదు. సంతలో దారి అడిగినట్టు అడిగింది. ఎంపీ సేటు వైపు చూశాడు. సేటు చెప్పుల వైపు చూసుకున్నాడు. ఇంతమంది మధ్య ఒక్క మాట చెప్పలేని మొగాళ్ళు, వీళ్ళా మనకు రాజ్యం తెచ్చేది!

సైదమ్మ దిగి పోయి, అంతయ్య పడ్డచోట సేటు దుకాణం ముందు కూర్చుంది. జగన్ ఆమె పక్కన కూర్చున్నాడు. రుమాలును నమ్మి జట్టు ఓట్లన్నీ వేయించిన తప్పుకు సిగ్గుతో అతని తల లేవలేదు. తర్వాత జట్టు కూర్చుంది. తర్వాత కాయలేరే ఆడవాళ్ళు. లారీల మీద కాయ లారీల మీదే ఉండిపోయింది.

ఇదంతా ఆంధ్ర నుంచి వచ్చిన చాయ్ ముసల్ది ఎక్కిస్తున్నదని సేటు మనుషులు పుకారు లేపారు. జగన్ అప్పుడు తలెత్తాడు. "అంతయ్యన్నను ఈడ్పిచ్చినోడు మన జిల్లావోడే. దోసుకునేటోనికి ఏ జిల్లా అయితేంది?" అన్నాడు. కాయ ముగ్గిపోతున్నదని రైతులు లబలబలాడుతూ వచ్చారు. సంగతి విన్నాక వాళ్ళలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. నా తోట కాయ ఎంతకు పోయిందో ఈ రుమాలు కింద నాకే తెలియనియ్యరు, నేనూ లేవను అన్నాడు. లారీలు ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా ఆగిపోయాయి.

మధ్యాహ్నానికి పోలీసులు దిగారు. లాఠీలు లేచాయి. జగన్ తల పగిలింది. అతన్నీ సైదమ్మనూ వ్యానులో పడేశారు. వీపు మీద దెబ్బలు పడుతున్నా ఆమెకు నొప్పి తెలియలేదు. స్టేషన్‌లో ఎస్సై విసుగ్గా, నీ మొగుడు తాగి రోడ్డు మీద చచ్చాడు, చూసినవాడు ఒక్కడూ లేడు, ఇంక ఎందుకీ లొల్లి అన్నాడు.

అప్పుడు వాకిట్లో అలికిడైంది. వెంకాయమ్మ లోపలికి వచ్చింది, చీరకు చాయ్ మరకలు. "నేను చూశానండీ. దుకాణం ముందు పడ్డాడు. గేటు బయటికి ఈడ్చారు. అప్పుడు చెప్పలేదు, భయమేసింది" అంది. ఆమె వెనకాల ఒక హమాలీ. నేను జూసిన. అతని వెనకాల కాయలేరే పిల్ల. నేను గూడ జూసిన. వాకిలి నిండింది. గేటు దగ్గర కానిస్టేబులు ఆపలేక పక్కకు తప్పుకున్నాడు.

ఎస్సై కుర్చీలోంచి లేచి బయటికి తొంగిచూశాడు. "ఎంతమంది చూసిన్రే?" అన్నాడు.

సైదమ్మ వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసింది. వీపు మీది దెబ్బలు అప్పుడు మండటం మొదలుపెట్టాయి. ఎన్నాళ్ళకో ఆమెకు నొప్పి తెలిసింది, కళ్ళు తడిశాయి.

"అందరు జూసిన్రు సార్. గిప్పటిదాక భయపడ్డరు" అంది.

బయట రోడ్డు మీద మార్కెట్టు నుంచి ఇంకో లారీ వచ్చి ఆగింది. దాని నిండా మనుషులున్నారు.