కామమ్మ ఒంటికి తగిన రెక్క

షైనీ ఫోన్ చేసి "ఊళ్ళోకి వచ్చేసినా అత్తా" అన్నప్పటి నుంచి కామమ్మ కాలు ఒక చోట నిలవలేదు. పొయ్యి కట్టేసి వాకిట్లోకి వచ్చింది. మళ్ళీ లోపలికి పోయి ముందుగదిలో కుర్చీలు గోడవారకు జరిపింది. భర్త కూర్చున్న కుర్చీ ఒక్కటే మిగిలితే అతన్నీ లేవమంది.

"ఏందే ఈ హడావుడి? పెళ్ళిచూపులకు ఎవరన్నా వస్తా ఉండారా?" అన్నాడు సురేంద్రబాబు పేపరు మడుస్తూ.

"అంతకంటే ఎక్కువే. లేవండి."

కామమ్మ ఉదయగిరిలో పీఈటీ టీచరు. ఆడపిల్లలకు కబడ్డీ, ఖోఖో నేర్పుతూ నేర్పుతూ యాభై దాటేసింది. నిరుడు సెలవుల్లో మేనకోడలు రమ్మంటే పాండిచ్చేరి వెళ్ళి, సరదాకి సముద్రంలో దిగి, ఆ సరదా వదలక నాలుగుసార్లు తిరిగి వెళ్ళి డైవింగ్ పూర్తిగా నేర్చుకుంది. షైనీ అక్కడే ఆ విద్య నేర్పే ఉద్యోగంలో ఉంది. ఈ డిసెంబరులో అత్తాకోడళ్ళిద్దరూ అండమాన్ వెళ్ళాలనుకున్నారు.

అంతా బాగానే ఉంది గానీ, పాండిచ్చేరిలో అద్దెకిచ్చే, నీళ్ళల్లో తేలేదానికి గాలి నింపే జాకెట్లతోనే కామమ్మకు పేచీ. మీడియం వేసుకుంటే పొట్ట దగ్గర పట్టదు. లార్జ్ వేసుకుంటే భుజాల మీద నుంచి జారుతుంది. గాలి నింపగానే మొత్తం పైకి లేచి చెవులకు తగులుతుంది, రొమ్ము బిగుసుకుపోయి ఊపిరాడదు. అన్నీ మగవాళ్ళ కొలతలే. "నేను చేపల్ని చూసేదానికి పోయినానా, ఈ జాకెట్టును కిందికి లాక్కునేదానికి పోయినానా?" అని ఆమె ఒకరోజు విసుక్కుంటే, షైనీ నవ్వి, "నీకు కావాల్సింది వేరే ఉండాది అత్తా, తెచ్చి చూపిస్తా" అంది.

ఆ తెచ్చింది ఇప్పుడు ముందుగదిలో చాప మీద పరుచుకుంది. రెండు లోహపు పలకలు, ఒకటి అల్యూమినియం, ఒకటి స్టీలు. మధ్యలో వెన్నుకు తగలకుండా నిలువునా గాడి ఉంది. రెండింటికీ అంచుల్లో చీలికలు, అల్యూమినియం పలక చీలికల్లోంచి భుజాల మీదుగా నడుము దాకా తిరిగి వచ్చే ఒకే ఒక్క నల్లటి పొడవాటి పట్టీ. పక్కనే మడతలు పడి ఉన్న రెండు గాలిసంచులు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"ఈ పలక వీపుకు, ఈ పట్టీ ఒంటికి. పలకకీ గాలి సిలిండర్‌కీ మధ్యలో ఈ సంచి. దీన్ని వింగ్ అంటారు, రెక్క. గాలంతా వెనకే ఉంటాది, ముందర నీకేమీ అడ్డం ఉండదు" అంది షైనీ.

"మరి కొలత?"

"పట్టీని నీ ఒంటి మీదనే సర్దుతాం. కొలిచి కుట్టించుకున్న రవిక మాదిరి."

కామమ్మ ట్రాక్ ప్యాంటులోకి మారి వచ్చి వీపు చూపించి నిలబడింది. షైనీ అల్యూమినియం పలక ఎత్తింది. "మెడ వెనకనుంచి చెయ్యి పెట్టి పలక పైఅంచు అందుకో అత్తా. అందిందా? అయితే ఎత్తు సరిపోయినట్టే." తర్వాత భుజాల పట్టీలు జరిపి, పట్టీ కింద తన పిడికిలి దూర్చి చూసింది. నడుముకు బకిల్ పెట్టింది. చివరగా వెనకనుంచి కాళ్ళ మధ్యగా ఇంకో పట్టీ తెచ్చి ముందు బకిల్‌కు తగిలించింది.

"ఏసయ్యా, ఇదేంది!" సురేంద్రబాబు తల తిప్పుకున్నాడు.

"అది లేకపోతే పలక నెత్తి మీదికి ఎక్కుతాది మామా."

కామమ్మ అద్దం ముందు నిలబడి చేతులు ఊపింది, వంగింది, గుంజీ తీసింది. ఎక్కడా పట్టేయలేదు, ఎక్కడా జారలేదు. ఆమెకు నవ్వు ఆగలేదు. "ఇప్పుడే పోదాం పదండి, ఓబయ్య బావికి" అంది.

"ఇప్పుడేనా? పిల్ల రాత్రంతా కారు నడిపి వచ్చింది" అన్నాడు సురేంద్రబాబు.

"నాకు నిద్ర రావట్లేదు లే మామా. సిలిండర్లు కూడా తెచ్చినా" అంది షైనీ.

ఓబయ్య కామమ్మ తమ్ముడు, షైనీ తండ్రి. చేజర్ల దగ్గర అతని పొలంలో పెద్ద రాతి బావి ఉంది. కామమ్మ పట్టీలు విప్పనంది. పలక అడ్డం వస్తుంటే కారు సీటు అంచున కూర్చుని, ఆత్మకూరు దాకా అట్లాగే ప్రయాణం చేసింది.

ఆత్మకూరు బజారులో సురేంద్రబాబు కారు ఆపించాడు. అతనికి ఈత రాదు, నీళ్ళంటే చిన్నప్పటి నుంచీ భయం. పెంచలనరసింహం హోల్‌సేల్ దుకాణంలోకి పోయి గట్టి మోకు కావాలన్నాడు.

"మోటారు దించేదానికా, ఎద్దుకా సార్?"

"కాదు. మా ఆవిడకు."

పెంచలనరసింహం మెడ సాచి కారు వైపు చూశాడు. లోపల నల్లపట్టీలు బిగించుకుని కూర్చున్న మనిషిని గుర్తుపట్టి, "మా రాధికకు కబడ్డీ నేర్పిన మేడమ్ గదా! ఆమెను మోకుతో ఆపేది మీ వల్ల కాదు లే సార్" అన్నాడు. సురేంద్రబాబు డబ్బులిచ్చి మోకు భుజాన వేసుకుని వచ్చాడు.

బావి దగ్గర ఓబయ్య మోటారు ఆపి, మెట్ల మీద పాచి రుద్ది ఉంచాడు. నీళ్ళు పచ్చగా, నిలకడగా, రెండు నిలువుల పైనే ఉన్నాయి. కామమ్మ ఈత నేర్చుకుంది ఈ బావిలోనే. నాయన ఆమె వీపుకు జీలుగుబెండ్లు కట్టి ఆ మెట్టు మీద నుంచే తోసేవాడు. ఆ సంగతి చెబితే షైనీ చప్పట్లు కొట్టింది. "అయితే నీకు వెనక గాలి పెట్టుకుని తేలడం కొత్తేం కాదు!"

ముందు ఏ సెట్టు అనే దగ్గర వాదన వచ్చింది. అల్యూమినియం పలకకు పెద్ద వింగ్ తగిలిద్దామంది షైనీ. "తేలిగ్గా ఉంటాది, మొయ్యడం సులువు. విమానంలో లగేజీకి కూడా మంచిది."

"పెద్ద సంచైతే ఎక్కువ గాలి పడతాది గదా, అదే మేలు" అని సురేంద్రబాబు కూడా గట్టిగా తలూపాడు.

కామమ్మ కళ్ళు స్టీలు పలక మీద ఉన్నా, సరేనని మొదటిది కట్టుకుంది. మోకు కొస నడుముకు ముడేయించుకుని, మెట్టు దిగి, సిలిండర్ నుంచి గాలి అందించే రెగ్యులేటర్ నోట పెట్టుకుని మునిగింది. మునిగింది అనడమే గానీ, మునగలేదు. ఆమె ఒళ్ళు నిండైన ఒళ్ళు, నీళ్ళు ఆమెను బెండులా పైకి తోశాయి. షైనీ నడుముకు సీసం బరువుల బెల్టు కట్టింది. అప్పుడు దిగింది గానీ, నడుము బరువుకు కాళ్ళు కిందికీ తల పైకీ అయి, నీళ్ళల్లో నిటారుగా వేలాడింది. దానికి తోడు పెద్ద వింగ్ అంచులు సిలిండర్ మీదికి ముడుచుకున్నాయి. గాలి ఒక పక్కకే చేరి ఆమెను పక్కకు ఒరగదోసింది. కాసేపు అటు దొర్లి ఇటు దొర్లి పైకి వచ్చింది.

"గాడిద మీద ఎక్కినట్టుండాది" అంది రెగ్యులేటర్ తీసేసి. "ఇది నాకొద్దు. స్టీలుది కట్టు."

"అది బరువు అత్తా."

"ఆ బరువే గదా నాకు కావాల్సింది. సీసం నడుముకు కట్టుకునే బదులు వీపునే ఉంటాది. విమానంలో రెండు చీరలు తగ్గించుకుంటాను లే."

షైనీ అత్త చెప్పిందాంట్లో తప్పేమీ కనిపించక, అదే పట్టీని స్టీలు పలకకు ఎక్కించి చిన్న వింగ్ తగిలించింది.

రెండోసారి కామమ్మ ఊపిరి వదిలింది, దిగింది. అంతే. ఎవరూ తోయలేదు, ఎవరూ లాగలేదు. బావి మధ్యలో పడుకున్నట్టు అడ్డంగా, నిశ్చలంగా ఆగిపోయింది. చేతులు ముందు కట్టుకుంది. కాలు కదపలేదు. ఊపిరి పీలిస్తే బెత్తెడు లేస్తుంది, వదిలితే బెత్తెడు దిగుతుంది. ఎదురుగా గోడ రాళ్ళ సందుల్లోంచి చిన్నచిన్న చేపపిల్లలు వచ్చి ఆమె మాస్కు అద్దం ముందు ఆగాయి. పైనుంచి ఎండ ఏటవాలుగా పడి అడుగున మెత్తటి మన్ను దాకా దిగింది. ఇన్నేళ్ళుగా ఈదిన బావిలో ఇంత పెద్ద చోటుందని ఆమెకు తెలియనే తెలియదు. రొమ్ము మీద ఏ బిగువూ లేదు. ఊపిరి నిండుగా, తేలిగ్గా ఆడుతోంది. తనూ సిలిండర్ కట్టుకుని దిగి ఎదురుగా ఉన్న షైనీ బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి బాగుందా అని అడిగితే, కామమ్మ రెండు చేతులతో రెండు సున్నాలు చుట్టింది.

పైకి వచ్చాక షైనీ ఇంకో పరీక్ష ఉందంది. "స్టీలు బరువైంది, వింగ్ చిన్నది. నీళ్ళ మీద నువ్వు విప్పేస్తే మొత్తం దానంతటది తేలాలి. తేలకపోతే నేను ఒప్పుకోను. రెక్కలో గాలి నింపి, విప్పు."

కామమ్మ మోకు విప్పేసి, గాలి నింపి, నడుము బకిల్ తీసి, కుడిచెయ్యి బయటికి లాగింది. ఎడమచెయ్యి మాత్రం మోచేతి దగ్గర పట్టీలో ఇరుక్కుంది. లాగింది. రాలేదు. ఆ భుజం ఆమెకు నిరుటి నుంచీ కొంచెం బిగుసుకునే ఉంది. ఇంకోసారి లాగితే చురుక్కుమంది. నీళ్ళు మొహం మీదికి వచ్చాయి.

"కామమ్మా!" అంటూ సురేంద్రబాబు ఒక మెట్టు దిగాడు. ఇంకో మెట్టు దిగాడు. నీళ్ళు అతని మోకాళ్ళకు వచ్చాయి.

"కంగారు పడొద్దు మామా, నేనుండాను" అని షైనీ ఈదుకుంటూ వచ్చి అత్తను పట్టుకుంది. "భుజం ఇట్టా ఉంటే ఒకే పట్టీ కుదరదు అత్తా. ఈడ కోసి బకిల్ పెట్టిద్దాం."

"వద్దు." కామమ్మకు కోపం వచ్చింది. ఇందాక పలక మార్చేటప్పుడు చెయ్యి సులువుగా వచ్చింది, ఇప్పుడెందుకు రాదు? "పిడికిలి పెట్టి చూడు మళ్ళీ."

షైనీ పట్టీ కిందికి పిడికిలి దూర్చబోయింది. రెండు వేళ్ళు కూడా దూరలేదు. "పొద్దున ఇంత బిగువు లేదే!" అంది ఆశ్చర్యంగా.

సురేంద్రబాబు చేతిలోని మోకును చుట్టసాగాడు. "ఎడమవైపు పట్టీ నేనే బిగించినా. పలక మార్చినాక. షైనీ అట్టా తిరిగినప్పుడు వెనకనుంచి."

"ఎందుకండీ?"

"జారిపోతాదేమోనని."

ఓబయ్య పకాలున నవ్వాడు. "బావా, బస్తా మూతి కట్టినట్టు కట్టినావా మా అక్కను!"

షైనీ పట్టీ వదులు చేసింది. కామమ్మ మోచెయ్యి మడిచి కిందికి జార్చింది. చెయ్యి నొప్పి లేకుండా బయటికి వచ్చింది. పలకా సిలిండరూ ఆమె పక్కనే, చిన్న రెక్క మీద బాతులా తేలుతూ నిలిచాయి. షైనీ దాన్ని అరచేత్తో కిందికి అదిమింది. మునిగి మళ్ళీ లేచింది. "సరే అత్తా, ఒప్పుకుంటున్నా" అంది.

బావి గట్టున కూర్చుని షైనీ కత్తెర తీసింది. నడుము దగ్గర మూరెడు పట్టీ మిగిలి వేలాడుతోంది. "కోస్తే ఇంక ఇది నీదే. వేరే ఎవరికీ పట్టదు. కోసేదా?"

"కొయ్యి."

తెగిన అంచు పీచులు లేవకుండా ఓబయ్య అగ్గిపుల్ల గీసి కాల్చాడు. నైలాను కాలిన వాసన వచ్చింది. కామమ్మ ఆ నల్లటి అంచును వేలితో తడిమి, ఇంకా వెచ్చగా ఉండగానే పలకను మళ్ళీ వీపుకెత్తుకుంది.

"మళ్ళీనా?" అన్నాడు సురేంద్రబాబు.

"సిలిండర్లో గాలుండాది గదండీ, దాన్ని వృథా చేసేదెందుకు?"

ఈసారి షైనీతో కలిసి దిగిన ఆమె చాలాసేపు పైకి రాలేదు. సురేంద్రబాబు అందరికంటే కింది మెట్టు మీద, నీళ్ళల్లో ప్యాంటు తడుపుకుంటూ, ఆమె నడుముకు మళ్ళీ కట్టిన మోకు రెండో కొస పట్టుకుని నిలబడ్డాడు. బావి మధ్యలో బుడగలు ఒకటి వెనక ఒకటిగా వస్తూ వస్తూ, ఉన్నట్టుండి గుంపులు గుంపులుగా పొంగాయి. అతను అదిరిపడి, షైనీ తల నీళ్ళ పైకి రాగానే, "ఏమైంది? ఆమెకేమైంది?" అని అరిచాడు.

షైనీ మొహం మీది నీళ్ళు తుడుచుకుంది. "ఏమీ కాలేదు మామా. అడుగున అత్త నవ్వుతా ఉండాది."