జీడి మచ్చ

ఆ పొద్దున మోక ఊరి మీద ఒక్కటే మబ్బు.

చిన్నది. నల్లది. అరచెయ్యి అడ్డం పెడితే మూతపడేంత.

హగరి ఏటి గాలి దాన్ని కదపలేదు. అది కురవనూ లేదు... ఊరికే ఉంది.

బళ్ళారి బస్సు కోసం నిలబడి పంపన్న దాన్నే చూస్తున్నాడు. ఎడమ మడమ నేలకు ఆనించకుండా — మునివేళ్ళ మీద.

ఆ మడమ కిందా అట్లాంటిదే ఒకటి. చిన్నది. నల్లది.

రెండేళ్ళ కిందట మిరపచేలో అక్కడే ముల్లు విరిగింది. భార్య మద్దమ్మ పిన్నుతో తవ్వింది. దొరకలేదు. నల్లజీడి గింజను సూదికి గుచ్చి, దీపానికి చూపి, ఉబికిన నూనెను మడమకు తాకించింది. చుర్రుమంది. ఊళ్ళో ముల్లు విరిగిన ప్రతి కాలికీ అదే మందు.

జీడి పెడితే నల్లమచ్చ పడుతుంది. పడింది.

పోతుందిలే అనుకున్నారు.

పోలేదు. అంచులు పాకాయి. ఈ వేసవిలో నడుమ పగిలి నీరు కారింది. పది రోజుల కిందట పెద్దాసుపత్రిలో ముక్క కోసి పరీక్షకు పంపారు.

బళ్ళారిలో డాక్టరమ్మ ఆ పరీక్ష కాగితం చూసింది.

"క్యాన్సరప్పా. చర్మానిది. ఇట్లా అరికాల్లో శానా తక్కువ మందికి వస్తాది. జీడి ఎవరు పెట్టినారు?"

తలుపు దగ్గర మద్దమ్మ. కొంగు నోటి మీద.

పంపన్న నేల చూశాడు.

"నేనే పెట్టుకొంటినమ్మా."

తన మడమకు తనే జీడి పెట్టుకోవడం ఎంత కష్టమో డాక్టరమ్మకూ తెలిసే ఉంటుంది. కాగితం మడిచి —

"దానివల్ల రాలేదు. ఆ మచ్చ చాటున దాక్కొని ఉండాది. అంతే."

చాటున... రెండేళ్ళు.

మడమ కండ లోతుగా కోసేశారు. తొడ తోలు తీసి అక్కడ అతికారు. గజ్జల్లోంచి చిన్న గ్రంథి తీసి పరీక్షకు పంపారు. జబ్బు పైకి ఎక్కిందో లేదో అది చెప్పాలి. వచ్చే బేస్తవారం చెబుతారట.

పదకొండు రోజులు మంచం పక్కనే మద్దమ్మ. జీడి మాట ఆమె ఎత్తలేదు. అతనూ ఎత్తలేదు.

అతను నేలను తలచుకున్నాడు. తడి రేగడి మడమ కింద మెత్తగా దిగడం —

కొత్త తోలుకు ఆ నేల తెలియదు.

ఊళ్ళో దిగగానే హులిగెప్ప ఎదురయ్యాడు. చిన్ననాటి జతగాడు.

"ఏంప్పా, మడమకు పెండ్లి చేస్తివా? ఇంత పెద్ద తలపాగా చుట్టినారు."

"పెండ్లే. కొత్తబట్టలు తొడ పెట్టింది."

ఇద్దరూ నవ్వారు. సందు మలుపు దాకా నిలిచింది ఆ నవ్వు. తర్వాత చేతికర్ర చప్పుడొక్కటే.

మధ్యాహ్నం మద్దమ్మ రొట్టె తట్టింది. అతను తిన్నాకే తినే మనిషి. ఈ పూట అతని కంచం దగ్గరే కూర్చుంది.

జొన్నరొట్టె. చెనిక్కాయల పొడి.

రొట్టె నడుమ పెనానికి మాడిన మచ్చ. చిన్నది. నల్లది.

ఇద్దరూ చూశారు.

మద్దమ్మ ఆ మచ్చ మటుకు తుంచుకుంది. నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది.

పంపన్న మిగిలిన రొట్టెను రెండు చేశాడు. ఒకటి ఆమె వైపు జరిపాడు.

బేస్తవారానికి ఇంకా నాలుగు రోజులు.

వాకిలి మీది ఆకాశంలో మళ్ళీ ఒక్కటే మబ్బు. కదలలేదు. కురవలేదు...

ఇద్దరూ తింటున్నారు.