పాత దూది

అప్పటికది ఆరిపోలేదు, అంతే, అక్కడే ఉంది, ఫోన్ తెర మీద ఆవగింజంత మచ్చ, ట్రాలీ ఆటో శిరివెళ్ల దాటుతూ గుంతలో పడి లేచింది, సాజిదా చేతిలోంచి ఫోన్ జారబోయి ఆగింది, మచ్చ మాత్రం కదల్లేదు, పెద్దది చేసి చూసినా ఉంది, చిన్నది చేసినా ఉంది, పేలి ఆరిపోయిందని ఐదేళ్లుగా తను చెబుతున్న నక్షత్రం, తను ఆరిందనుకున్న నెలలోనే వేరే బృందం పెద్ద టెలిస్కోపుతో తీసి ఈ పొద్దున బయటపెట్టిన ఫోటోలో, సన్నగానైనా వెలుగుతోంది, ఇప్పుడు రెండూ పది, మూడింటికి ఆన్‌లైన్‌లో పర్మినెంటు ఉద్యోగం ఇంటర్వ్యూ, ల్యాప్‌టాప్ నంద్యాలలో ఇంట్లో, పక్కన పరుపులు కుట్టే నాయన ఒళ్లో దబ్బనం పెట్టుకుని కునికిపాట్లు పడుతున్నాడు, ఇంకెవరన్నా చూశారా, ఇంటర్వ్యూ చేసే ఐదుగురిలో ఒక్కరు చూసినా చాలు, పేలిన నక్షత్రం వెలుగును కొలిచే పద్ధతి వాళ్లందరికీ తెలుసు, నక్షత్రం చుట్టూ ఉన్న గెలాక్సీ వెలుగు కూడా ఫోటోలో కలిసిపోతుంది కాబట్టి, నక్షత్రం పూర్తిగా ఆరేదాకా ఆగి, ఒట్టి గెలాక్సీని ఫోటో తీసి, ఆ వెలుగును పాత ఫోటోలన్నిట్లోంచి తీసేయాలి, ఆరేదాకా ఆగాలి, అదొక్కటే షరతు, తను పది నెలలు ఆగింది, పీహెచ్‌డీ గడువు మెడ మీదికొచ్చింది, ఆరిందిలే అనుకుంది, ఆ ఒట్టి గెలాక్సీలో నక్షత్రం ఇంకా మిగిలే ఉంది, దాని వెలుగును దానిలోంచే తీసేసింది తను, అందుకే అది అంత త్వరగా ఆరినట్టు కనబడింది, అంత త్వరగా ఆరినది ఇంకొకటి లేదని పేరొచ్చింది, ఆ పేరే ఇక్కడిదాకా తెచ్చింది.

లహరికి ఫోన్ చేసింది, పేపరు ఇద్దరూ కలిసి రాసిందే, బనగానపల్లె పిల్ల, బెంగళూరులో ఉన్నా మాట మారలేదు, ఫోటో నేనూ చూసినానే, నువ్వు నోరు తెరవాకు, వాళ్లకు యాడ కనపడుతుంది, ఉద్యోగం వచ్చినాక సవరణ పంపుదాం, నా పేరు గూడా ఉంది దాంట్లో, గుర్తు పెట్టుకో, నిజమే అనుకుంది సాజిదా, రేపు సవరించినా సవరణే, నంద్యాలలో డిగ్రీ, హైదరాబాదులో ఎమ్మెస్సీ, బెంగళూరులో పీహెచ్‌డీ, తర్వాత రెండేళ్లొకటి మూడేళ్లొకటి తాత్కాలిక ఉద్యోగాలు, వచ్చే నెల ముప్పై ఐదు నిండితే ఈ పోస్టుకు దరఖాస్తు పెట్టే వీలు కూడా ఉండదు, ఒక్క గంట నోరు మూసుకోలేదా తను, ముందు లారీ, దాని ముందు ఇంకో లారీ, ఆటో తోలే రషీద్ హారన్ మీంచి చెయ్యి తియ్యడం లేదు, ఏం సైంటిస్టూ, రాకెట్ తోలమంటావా అంటున్నాడు, రెండూ ఇరవై ఎనిమిది.

అసలీ ఆలస్యమంతా నాయన వల్లే, ఆళ్లగడ్డలో రాజేశ్వరమ్మకు మొన్న ఇచ్చిన కొత్త పరుపు, పొద్దున దుకాణంలో పాత దూది సంచి తేలిగ్గా తగిలేసరికి మొహం మాడ్చుకున్నాడు, పాత దూది రెండు గుప్పిళ్లు ఆయమ్మ కొత్తదాంట్లో కలిసిపోయినాయి, విప్పి కుట్టాల, దబ్బనంలో దారం ఎక్కించడానికి కళ్లు ఆనవు, నువ్వూ రామ్మా, మధ్యాహ్నానికి వచ్చేద్దాం, ఆ మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయ్యింది, రాజేశ్వరమ్మ చెప్పనే చెప్పింది, మెత్తగానే ఉండాది కదప్పా, వద్దులే, నాయన వినలేదు, ఆమె ఎదురుగానే కుట్లు తెంపాడు, మామా, పరుపుకు ఆపరేషన్ చేస్తాండావే, కుట్లెప్పుడు తీస్తావ్ అని రషీద్ నవ్వాడు, తను మాత్రం గడియారం చూసుకుంటూ కసిరింది, ఆమెకు తెలీదు కదా నాయనా, ఎందుకింత రభస, ఆయన తల ఎత్తలేదు, ఆరు నెల్లకు గడ్డ కడతాదిమా, అయినా ఆమెకు తెలీకపోతే ఏంది, నాకు తెల్సె గదా.

నాకు తెల్సె గదా, ఆటో ఇంటి ముందు ఆగేసరికి రెండూ యాభై రెండు, చెప్పులు విడవకుండానే లోపలికి పరుగు, ల్యాప్‌టాప్ తెరుచుకుంటోంది, నెట్ తిరుగుతోంది, బయట నాయన రషీద్‌తో టీ గురించి ఏదో అంటున్నాడు, రేపు సవరించినా సవరణే అనుకుంది కదా, కాదు, రేపటి దాకా అది దాచడం, లహరి కోపగించుకుంటుంది, కోపగించుకోనీ, మొదటి స్లైడు, అత్యంత త్వరగా ఆరిన నక్షత్రం, దాని పక్కన తన పేరు, రెండూ యాభై ఎనిమిది, మొత్తం తుడిచేసింది, ఆ ఖాళీలో పొద్దుటి ఫోటో అతికించింది, తెర మీద ఐదు మొహాలు వెలిగాయి, నమస్కారాలయ్యాయి, మొదలుపెట్టండి అన్నారు, ముందు నా తప్పు చూపిస్తానండీ అంది సాజిదా, నక్షత్రం తొందరపడి ఆరలేదు, తొందరపడింది నేను.