రెండుసార్లు పొగపెట్టిన పండ్లు

ముందే ఒప్పేసుకుంటాను. వారపత్రికల్లో "అరటిపండుతో పది నిమిషాల్లో పసందైన ఫలహారం" అని రాసేవాళ్ళు ఎదురుపడితే, మా ఇంటి ఇత్తడి బేసిను వాళ్ళ ముందు పెట్టి, మీరు కలపండి, నేను గడియారం చూస్తుంటాను అనాలని ఉంటుంది నాకు. పది నిమిషాలట! అందులో తొక్కలు తీసే వేళ లేదు, బెల్లంలో రాళ్ళు ఏరే వేళ లేదు, స్టవ్ పంపు కొట్టే వేళ లేదు. గోళ్ళ సందుల్లో పట్టిన జిగురు వదిలించుకునే వేళ అసలే లేదు. పాలిటెక్నిక్‌లో మాకు ఏ పనికైనా ఎస్టిమేట్ వేయడం నేర్పారు. తవ్వకం, మట్టి మోత, నీళ్ళు చల్లడం, అన్నీ విడివిడిగా చూపించాలి. ఒక్కటి వదిలేసినా సార్ ఎర్ర సిరాతో కొట్టేసేవాడు. వంటింటి ఎస్టిమేట్లు ఎవరు వేస్తారో గానీ వాటిలో మనిషి చేతులు మాత్రం ఎప్పుడూ కనబడవు.

నా పేరు శకుంతల. సివిల్ డిప్లొమా. సుబేదారిలో కాలువల పనులు చూసే ఒక ఆఫీసులో నక్షాలు గీస్తాను. కాపురం నేతవాళ్ళ మగ్గాల మధ్య, కొత్తవాడలో. మా మామయ్య సాంబయ్యకి అరటిగెలల టోకు దుకాణం ఉంది. గోదావరి వైపు నుంచి లారీలో పచ్చి గెలలు వస్తాయి. వాటిని దుకాణం వెనక గదిలో పేర్చి, మూలన కుండలో గడ్డి రాజేసి పొగ పెట్టి, తలుపు సందులు మట్టితో మెత్తి మాగబెడతారు. మాగిన వాటిలో మంచివి దుకాణంలో వేలాడతాయి. మచ్చ పడ్డవి బండ్లవాళ్ళు తీసుకుపోతారు. బండ్లవాళ్ళు కూడా ముఖం తిప్పుకున్నవి గోనెసంచిలో మా ఇంటికి వస్తాయి. దుకాణం సరుకు పారేస్తే లక్ష్మి అలుగుతుందని మా వాళ్ళ నమ్మకం. లక్ష్మి అలగకుండా చూసే డ్యూటీ కోడలిది.

కాబట్టి మా ఇంట్లో పొద్దుటి ఫలహారం ఏమిటన్నది నేనుగానీ మా అత్తమ్మగానీ నిర్ణయించేది కాదు. సంచి నిర్ణయిస్తుంది. పండు కాస్త గట్టిగా ఉంటే గోధుమపిండి, బెల్లం కలిపి దోసెలు. మెత్తబడితే అటుకుల్లో పిసికి పాలు పోయడం. చెయ్యి తగిలితే జారిపోయేంత మెత్తనైతే రవ్వ, ఇలాచి వేసి బూరెలు. గెల చివర ఎదగని కాయలుంటే సాయంత్రానికి బజ్జీలు. "పండు మెత్తగనే ఉంటది, పిండేసి కలుపుడే గద. దానికింత మొఖం ముడుసుడు ఎందుకే?" అంటాడు మా ఆయన సారంగపాణి. ఆయన చెడ్డవాడేం కాదు. కలపడానికి చేతులు కావాలన్న సంగతి ఎప్పుడూ తట్టలేదంతే. అత్తమ్మ సావిత్రి ఇంకో రకం. నా బూరెలు వంకరగా వస్తే, "కంపాసు వెట్టి గీసే చేతులాయె, నూనెల ఏస్తె గుండ్రంగ రావేందే పిల్లా?" అని పక్కింటి మగ్గాల దాకా వినబడేలా నవ్వుతుంది. తమాషా ఏమిటంటే నాకూ నవ్వొస్తుంది. నవ్వాక ఒళ్ళు మండుతుంది.

ఉద్యోగంలో చేరిన మొదటి వారం, మిగిలిన బూరెలు పారేయలేక డబ్బాలో ఆఫీసుకి పట్టుకెళ్ళాను. అదే నేను చేసిన పొరపాటు. అప్పట్నుంచి మా ఇంజనీరు కిషన్ రావు గారు నా బల్ల దగ్గరికి నక్షా చూడ్డానికి వచ్చిన రోజు లేదు. "శకుంతలమ్మా, ఇయ్యాల డబ్బల ఏమున్నది?" ఇదే పలకరింపు. నేను గీసిన తూము నక్షా కింద రాంచందర్ పేరు ఉంటుంది, ఎందుకంటే సైటుకెళ్ళి కొలతలు తెచ్చింది అతను. నాతోపాటు చదువుకున్నవాడే, నాకన్నా తక్కువ మార్కులు. బూరెలకి మాత్రం ఎవరి పేరూ అడ్డురాదు. పై ఆఫీసు గుమాస్తాలకి కూడా తెలుసు, "గా బూరెల మేడం" అంటే ఎవరో.

సైటు పని ఇవ్వమని ఎన్నోసార్లు అడిగాను. ఎండ అన్నారు, దుమ్ము అన్నారు, బాత్రూం ఉండదన్నారు. "పొద్దుగాల ఆరింటికి జీపు. నీకు ఇంట్ల పనుంటది గద తల్లీ," అని చివరికి నా మీద జాలి కూడా చూపించారు. అయితే ఎనభై మూడు ఎండాకాలంలో ఒక శనివారం, పర్కాల దారిలో కాలువ మీద రాంచందర్ తెచ్చిన లెవెల్స్ లెక్కకి కుదరలేదు. నేల ఎక్కడ ఎంత ఎత్తుందో చూసే ఆ కొలతల్ని బట్టే తూము కట్టాలి. అవి తప్పితే నీళ్ళు ఎగువకి పారాలి. కుదరలేదని కనిపెట్టింది నేను. కిషన్ రావు గారు నుదురు రుద్దుకుని, "సరే తియ్యి. సోమారం జీపుల రా. లెవెల్స్ నువ్వే తియ్యి. సక్కగ వచ్చెనా, ఈ సైటు నీకే రాస్త. రాకుంటె మళ్ల సైటు ముచ్చట నా కాడ తియ్యద్దు," అన్నారు. ఒళ్ళంతా తేలికైపోయింది. తలుపు దాకా వచ్చానో లేదో వెనకనుంచి, "అన్నట్టు, హైదరాబాద్ నుంచి పెద్దసారు వస్తాండు. బూరెలు జర ఎక్కువనే పట్కరా," అన్నారు.

తెస్తానన్నాను. సైటు దొరుకుతుందంటే బూరెలేం లెక్క అనుకున్నాను.

ఆదివారం పొద్దున మా దుకాణంలో జరిగింది చెప్తే, అరటిపండ్ల వ్యాపారం చేసేవాళ్ళు తప్ప ఎవరూ నమ్మరు. శుక్రవారం పొద్దుపోయి లారీ వచ్చింది. మా ఆయన గెలలు పేర్చి, పొగ పెట్టి, తలుపు మెత్తి ఇంటికొచ్చాడు. శనివారం పొద్దున్నే దుకాణం తీసిన మామయ్య తలుపు మట్టి ఆరి నెర్రెలిచ్చి ఉండటం చూసి, అది పాత మట్టేననీ, పోరడు నిన్న పొగ మరిచిపోయాడనీ అనుకున్నాడు. తలుపు తీసి, ఇంత గడ్డి వేసి, మళ్ళీ పొగ పెట్టి, ఇంకా గట్టిగా మెత్తాడు. కొడుకుని ఒక్క మాట అడిగితే అయిపోయేది. మా ఇంట్లో మగవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అడగరు. అడిగితే తెలియదన్నట్టు అవుతుంది. ఆదివారం తలుపు తీసేసరికి లోపల పొయ్యిలా ఉంది. గది గదంతా ఒక్కసారే మగ్గి, తొక్కలు గోధుమరంగుకి తిరిగి, గెలలు ఎత్తబోతే పండ్లు వాటంతటవే రాలుతున్నాయి. బండ్లవాళ్ళు దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. రిక్షాలన్నీ మా ఇంటివైపు తిరిగాయి.

మధ్యాహ్నానికి మా వాకిట్లో పరిచిన చాపలు కనబడటం లేదు, అన్నీ పండ్లే. ఈగలు, వాసన. తండ్రీకొడుకులు గోడకి ఆ చివరొకరు ఈ చివరొకరు కూర్చున్నారు.

"పొగ పెట్టిన్నని నువ్వు చెప్పొద్దా?" అంటాడు మామయ్య.

"నువ్వు అడగొద్దా నాయినా?" అంటాడు కొడుకు.

అత్తమ్మ కొంగు నడుముకి చెక్కి తీర్పు చెప్పింది. "ఇగ లొల్లి బంజేయుండ్రి. అయిందేదో అయింది. బూరెలేద్దాం. పొద్దుగాల టీ హోటళ్ళకు ఇస్తె తీస్కుంటరు, అడిగొచ్చిన. ఏడింటికల్ల కావాలన్నరు."

మా ఆయన నావైపు చూశాడు. "రేపు లీవు వెట్టు."

"రేపు సైటు. నిన్ననే చెప్పిన గద."

"సైటు ఏడికన్న ఉరుకుతదా? కాలువ ఆడ్నే ఉంటది. పండ్లుండయి గద."

తర్కం బాగానే ఉంది. "పొగ నేను పెట్టలే," అన్నాను.

మామయ్య చుట్ట వెలిగించుకుని బయటికి నడిచాడు. "మొగోళ్ళు అన్నంక ఒక్కపారి తప్పు పోతది బిడ్డా," అంది అత్తమ్మ, ఈసారి నవ్వకుండా. "ఇంట్ల ఆడోళ్ళం మనమే సదురుకోవాలె. నేను సదురుకోలేదా?"

ఆమె సర్దుకుంది. ముప్పై ఏళ్ళుగా సర్దుకుంటూనే ఉంది, ఆ వేళ్ళ చివర్లు చూస్తే తెలుస్తుంది. అందుకే నాకు ఆమె మీద గట్టిగా కోపం తెచ్చుకోవడం చేతకాదు. ఆ కోపమంతా లోపలే తిరిగి తిరిగి, నిలబడనివ్వదు, కూర్చోనివ్వదు. తొక్కలు తీస్తూ లెక్కలు వేసుకున్నాను. నాలుగింటికి లేస్తే, రెండు పొయ్యిలు పెడితే, పిండి ఇప్పుడే జల్లించుకుంటే, జీపు వచ్చేలోపు చాలావరకు అవుతుంది. మిగిలింది అత్తమ్మ చూస్తుంది. పెద్దసారు డబ్బా కూడా నిండుతుంది. ఎవరికీ కాదనక్కర్లేదు, ఎవరూ అలగరు. ఎంత చక్కటి డిజైను! భారమంతా ఒక్క స్తంభం మీదే వేశానని, అది నేనేనని, నక్షా గీసేదాన్ని నాకే తట్టలేదు చూడండి.

తెల్లవారుజామున వాకిట్లో కట్టెలపొయ్యి, పక్కన స్టవ్. నేను చేత్తో పిండి వదులుతుంటే అత్తమ్మ చిల్లుల గరిటెతో తీస్తోంది. మా ఆయన మంచం మీద కూర్చుని చాయ్ తాగుతూ, చల్లారినవి గంపల్లోకి సర్దుతున్నాడు. అది కూడా అత్తమ్మ అందిస్తేనే. సందులో ఒక్కొక్క మగ్గమే చప్పుడు మొదలుపెట్టింది. ఎన్ని వాయలు తీసినా బేసినులో పిండి తరగదు. తరిగిందనుకునేసరికి అత్తమ్మ ఇంకో తట్ట పండ్లు తెచ్చి పిసుకుతుంది. నూనె చిట్లి మోచేతి మీద పడింది. మణికట్టు దాకా పిండిలో చెయ్యి పెట్టి నేను వాకిలి వైపే చూస్తున్నాను.

సందు మొదట్లో జీపు హారన్ కొట్టింది.

నేను లేవలేదు. ఈ వాయ అయ్యాక లేద్దామనుకున్నాను. రెండో హారన్ మోగింది. అప్పుడు మా ఆయన గ్లాసు కింద పెట్టి చటుక్కున లేచాడు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, ఎంతో మర్యాదగా, "నువ్వు లేవకు, కూసో. జీపును పొమ్మని నేను చెప్పొస్త," అన్నాడు.

పొద్దున్నుంచి నా కోసం ఆయన లేచింది అదొక్కసారే.

"నేను చెప్త," అన్నాను. నల్లా దగ్గరికెళ్ళి చేతులు కడుక్కున్నాను. సబ్బు పెట్టి, నిదానంగా, మోచేతుల దాకా. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, సంచి భుజాన వేసుకున్నాను. ఆయన ఇంకా చెప్పుల్లోనే నిలబడి ఉన్నాడు.

"ఏయ్ పిల్లా, యాడికి? బేసిను సగం గూడ కాలే!" అంది అత్తమ్మ.

"ఆయన ఉన్నడు గద అత్తమ్మా," అన్నాను. ఆయనతో, "మంట ఎక్కువ వెట్టకుండ్రి. పైన ఎర్రబడి లోపల పచ్చిగ ఉంటది," అన్నాను. ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు, అవి అప్పుడే ఎవరో తెచ్చి తగిలించినట్టు.

జీపులో ముందు సీటు నుంచి కిషన్ రావు గారు వెనక్కి తిరిగారు. నన్ను కాదు, నా ఒళ్ళో చూశారు. "డబ్బ ఏది?"

"తేలేదు సార్."

"పెద్దసారు వస్తాండని జెప్తి గదమ్మా!"

"లెవెల్స్ తియ్యనీకి వస్తాన సార్."

ఆయన ముందుకి తిరిగి సిగరెట్ వెలిగించారు. పక్కన లెవెల్స్ చూసే మిషన్ పెట్టె ఒళ్ళో పెట్టుకున్న రాంచందర్ గుసగుసగా, "ఒక్క డబ్బ తెస్తే ఏం పోతుండె శకుంతలా? ఇప్పుడు సార్ పరేషాన్ చేస్తడు," అన్నాడు. నిజమే. కాలువ దగ్గర దిగగానే సార్ గొడుగు తెరుస్తూ, "రాంచందర్, మిషన్ నువ్వు చూడు. ఆమె రాసుకుంటది," అన్నారు.

డబ్బా లేదు కాబట్టి సైటు లేదు. అంత సూటిగా చెప్పినందుకు ఒకరకంగా మెచ్చుకోవాలి. నేను మాత్రం అప్పటికే మూడుకాళ్ళ స్టాండు మట్టిలో తొక్కి, పైన దుర్భిణి బిగించాను. నీటి బుడగ మధ్యలోకి వచ్చేదాకా స్క్రూలు తిప్పుతున్నాను. పొద్దున్నుంచీ పిండి పిసికిన చేతులకి ఆ చల్లటి ఇత్తడి ఎంత హాయిగా ఉందో.

తల ఎత్తకుండానే, "స్టాఫ్ పట్టుకొని ఆ గుర్తురాయి కాడికి పో రాంచందర్," అన్నాను.

అతను సార్ వైపు చూశాడు. నా వైపు చూశాడు. కిందటిసారి లెక్క తప్పింది అతనిదే, పెద్దసారు ముందు మళ్ళీ తప్పితే అతనే నిలబడాలి. స్టాఫ్ అనే ఆ రంగులు వేసిన పొడుగు కొలకర్ర భుజాన వేసుకుని, సార్ ఇంకేం చెప్తారోనని, కాస్త గబగబా నడిచాడు. మా దుర్భిణి పాతది. అందులో చూస్తే లోకమంతా తలకిందులు. రాంచందర్ ఆకాశంలోంచి వేలాడుతున్నాడు. కిషన్ రావు గారు గొడుగు కిందికి పెట్టి, కాళ్ళు పైకెత్తి సిగరెట్ తాగుతున్నారు. నవ్వు ఆపుకుంటూ మొదటి అంకె చదివాను.

ఎండ నడినెత్తికి వచ్చేదాకా కాలువ వెంట నడిచాం. మొదలుపెట్టిన గుర్తురాయి దగ్గరికే తిరిగొచ్చి, మొదటి ఎత్తూ చివరి ఎత్తూ కలుస్తున్నాయో లేదో చూశాను. కలిశాయి. అప్పటికి వచ్చిన పెద్దసారు ఎవరు తీశారని అడగలేదు. నీళ్ళు తాగి, నక్షా చూసి, తలూపి వెళ్ళిపోయాడు. కిషన్ రావు గారు నా లెక్కని పైనుంచి కిందికి రెండుసార్లు చూశారు. జీపెక్కుతూ, ఎటో చూస్తూ అన్నారు, "రేపు గూడ ఆరింటికే జీపు. సైటు నీదాయె గద, ఆలస్యం జెయ్యకు."

ఇంటికొచ్చేసరికి సందు మలుపు నుంచే మాడువాసన. హోటళ్ళకి సగం గంపలే వెళ్ళాయట. మిగిలిన పండ్లు ఎదురింటి బర్రెకి వేశారు. మా ఆయన రెండు వేళ్ళకి పసుపు మెత్తుకుని, నన్ను చూసి గోడ వైపు తిరిగాడు. నేను కాళ్ళు కడుక్కుని గడప దగ్గర కూర్చున్నాను. ఎండకి ముక్కు మీద తోలు లేచి మండుతోంది. అత్తమ్మ గోరువెచ్చని చాయ్ తెచ్చి నా పక్కన పెట్టింది.

"రేపు గూడనా?"

"రేపు గూడ. ఈ పని అయిందాక రోజూ."

ఆమె నన్ను చూసింది. గోడ వైపు తిరిగిన కొడుకుని చూసింది. తర్వాత ఆ ఇంట్లో నేనెప్పుడూ వినని మాట అంది.

"పాణీ, జల్ది తిని పండుకో. రేపు ఐదింటికి లేపుత, పిండి కలుపుదువు."

ఇది చదువుతున్న మీలో చాలామందికి, చెయ్యి మణికట్టు దాకా పిండిలో ఉన్నప్పుడు బయట ఏదో ఒక హారన్ మోగే ఉంటుంది. మీరేం చేశారు? చెయ్యి కడుక్కున్నారా, బండిని పొమ్మన్నారా? పొమ్మని చెప్పడానికి మీ ఇంట్లో ఎవరు అంత మర్యాదగా లేచారు? నాకు రాయండి. వెళ్ళినవాళ్ళూ రాయండి. పొమ్మన్నవాళ్ళ ఉత్తరాలే ముందు చదువుతాను.