సరిచేసిన అచ్చు

దమయంతి దోసె తిరగేస్తుండగా రామమోహన్ ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తకుండానే చెప్పాడు. "నీ స్లైడ్స్‌లో పెద్ద మిస్టేక్ ఉంది. ఫిక్స్ చేసి మ్యూజియం వాళ్ళకి పంపేశాను."

అమెరికాలో ఆష్‌బర్న్ దగ్గరి చిన్న మ్యూజియంలో ఆమె రెండేళ్లుగా వాలంటీరు. శనివారం పదిహేను నిమిషాలు మాట్లాడాలి. వాళ్ళకి నచ్చితే గైడ్‌గా తీసుకుంటారు. ఈ దేశం వచ్చిన పంతొమ్మిదేళ్లకు తనకంటూ దొరకబోయే మొదటి ఉద్యోగం.

స్టవ్ కట్టేసి వచ్చి చూసింది. ఒక పక్క రోములో ఉన్న అపోలో దేవుడి రాతి విగ్రహం ఫోటో, ఇంకో పక్క దాన్ని చూసి ఎవరో రాగిరేకు మీద చెక్కి కాగితం మీద వేసిన పాత అచ్చు. విగ్రహం చాచింది ఎడమ చెయ్యి. కంటికి కనిపించినట్టే రేకు మీద చెక్కితే కాగితం మీద తిరగబడుతుంది కాబట్టి, అచ్చులో అది కుడి చెయ్యి అయింది. రోము మొహం చూడని వేలమంది ఆ కాగితంలోనే దేవుణ్ణి చూశారు, కుడిచెయ్యే అనుకున్నారు. ఆమె చెప్పదలచుకున్నదంతా అదే. రామమోహన్ ఆ అచ్చును ఫోటోతో కలిసేలా తిప్పేశాడు.

ఆఖరి స్లైడు అసలే లేదు. అమ్మమ్మ తిరుపతి చూడకుండానే పోయింది. కిరాణా కొట్టువాడు ఇచ్చిన క్యాలెండరు వెంకన్నకే జీవితమంతా దణ్ణం పెట్టుకుంది. ఆ దణ్ణం కొండకు చేరలేదంటారా అని దమయంతి అడిగిన స్లైడు అది.

"తీసేశా. అమెరికన్స్ ముందు మీ అమ్మమ్మ ఎందుకు? నీ మంచికే కదా."

డ్రైవింగ్ టెస్టుకు వద్దన్నప్పుడూ ఆమె మంచికే. వాడు చూడందే ఏ కాగితమూ పంపకమ్మా, నీకు తెలీదు అని అత్తగారు అన్నదీ ఆమె మంచికే. పోనీ కోప్పడదామంటే, సాయం చేశానని అతను నిజంగానే నమ్ముతున్నాడు. అదే ఆమెను మరీ విసిగించింది.

"ఆ తప్పు గురించే అండీ నా టాక్."

"ముందే చెప్పొచ్చుగా."

మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ ఫోన్ చూస్తూ ఊఁ కొట్టాడు.

దమయంతి ల్యాప్‌టాప్ తన వైపు లాక్కుంది. తన పాత ఫైలు వెతికి తీసింది. ఇందాక వచ్చినది నాది కాదు, ఇదీ నా టాక్ అని మ్యూజియం వాళ్ళకి రెండు ముక్కలు రాసింది.

"పంపేముందు ఒకసారి నాకు చూపించు," అన్నాడు రామమోహన్.

ఆమె పంపేసి, చూపించింది.